సన్నాయి ఒక్కటే కావాలంటే కుదరదా?

"తాతయ్యా, ఇంటర్నెట్ ఎక్కడి నుంచి వస్తుంది?" అని చిన్నది అడిగితే, "గోడలోంచి" అని పెద్దాడు ఠక్కున చెప్పేశాడు. నవ్వకండర్రా, వాడు చెప్పింది సగం నిజమే. ఇప్పుడంటే మన క్వేకర్స్ హిల్‌లో జాతీయ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ (ఎన్‌బీఎన్) పెట్టెలొచ్చాయి గానీ, పదిహేనేళ్ల కిందట సిడ్నీ చుట్టుపక్కల చాలా ఇళ్లకు ఇంటర్నెట్ గోడకున్న టెలిఫోన్ సాకెట్లోంచే వచ్చేది. ఆ సాకెట్ వెనకాల ఉండేవి రెండంటే రెండు సన్నటి రాగి తీగలు. ఆ తీగల మీద వచ్చే ఇంటర్నెట్‌ని అమ్మడం దగ్గర ఒక టెలికాం కంపెనీకీ ప్రభుత్వ సంస్థకీ పేచీ వచ్చి, కాన్‌బెర్రాలోని హైకోర్టు దాకా వెళ్లింది. ఇరవై లక్షల డాలర్ల జరిమానా యాభై వేలకు దిగిపోయి, మళ్లీ ఇరవై లక్షలకు ఎక్కింది. కోర్టు కథలు పిల్లలకెందుకు అనకండి. ఇందులో అసలు రుచంతా సైన్సులోనే ఉంది. జరుగు, చిట్టితల్లి కూర్చోవడానికి కాస్త చోటియ్యి.

ముందు ఆ తీగల సంగతి చూద్దాం. రెండు తీగలనూ పక్కపక్కన తిన్నగా లాగరు, జడ అల్లినట్టు ఒకదాని చుట్టూ ఒకటి మెలి తిప్పుతారు. అది అందం కోసం కాదు. దారిలో కరెంటు లైనో, మోటారో, మెరుపో ఏదైనా ఉంటే దాని గోల తీగలోకి చొరబడుతుంది. మెలి తిప్పితే ఆ గోల రెండు తీగల్లోకీ సమానంగా దూరుతుంది. ఆ చివర ఉన్న పరికరం రెండు తీగల మధ్య తేడాను మాత్రమే చదువుతుంది కాబట్టి, రెండింట్లోనూ ఒకేలా ఉన్న గోల కొట్టుకుపోతుంది. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే ఈ మెలిక మీద పేటెంటు తీసుకున్నాడు. నూట నలభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ మీ కంప్యూటర్ వెనక గుచ్చే నెట్‌వర్క్ తీగ కోసి చూస్తే లోపల అదే మెలిక కనబడుతుంది. ఒక మంచి ఆలోచన ఎన్ని తరాలకు అక్కరకొస్తుందో చూశారా!

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ రెండు తీగల మీదే అమ్మమ్మ ఫోన్లో మాట్లాడేది, అదే సమయంలో అదే తీగ మీద మీ నాన్న ఇంటర్నెట్ చూసేవాడు. ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి కావు. ఎలాగంటారు?

మీ అమ్మానాన్నల పెళ్లి వీడియో చూశారుగా. తాళి కట్టేటప్పుడు మేళం ఎలా మోగిందో గుర్తుందా? డోలు ధనధనమంటుంది, సన్నాయి సన్నగా పైకెక్కి పాడుతుంది. రెండూ ప్రయాణం చేసేది ఒకే గాలిలో, ఒకే క్షణంలో. అయినా మన చెవి డోలును డోలుగా, సన్నాయిని సన్నాయిగా పట్టుకుంటుంది. డోలుది కింది శ్రుతి, సన్నాయిది పై శ్రుతి. శ్రుతులు వేరు కాబట్టి దారి ఒకటే అయినా తగవు లేదు.

తీగలోనూ అంతే. ఫోన్లో మన మాటకు కావలసిన చోటు చాలా కొంచెం. సెకనుకు 300 కంపనాల నుంచి 3,400 కంపనాల దాకా ఉంటే చాలు, పలికింది అర్థమవుతుంది, పలికిందెవరో కూడా తెలుస్తుంది. మరి రాగి తీగ అంతవరకే మోయగలదా? కాదు, లక్షల కంపనాలు మోస్తుంది. వందేళ్లపాటు టెలిఫోన్ వాళ్లు అందులో అట్టడుగు అంచును మాత్రమే వాడుకుని, పైనున్నదంతా ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీ చోటును వాడుకున్నదే ఏడీఎస్ఎల్. మాటకు అడుగున చోటు వదిలేసి, ఇంటర్నెట్‌ను సెకనుకు 25 వేల కంపనాలకు పైన పెట్టారు. దాని తర్వాత వచ్చిన ఏడీఎస్ఎల్ 2 ప్లస్ ఏకంగా 22 లక్షల కంపనాల దాకా ఎక్కింది. ఆ మేరనంతా 512 సన్నటి గీతలుగా విడగొట్టి, ప్రతి గీత మీదా కొంత సమాచారం పంపుతారు. ఏ గీత మీద గోల ఎక్కువుందో మోడెమ్ ముందే పరీక్షించి, దాని మీద తక్కువ బరువు పెడుతుంది, శుభ్రంగా ఉన్న గీత మీద ఎక్కువ పెడుతుంది. మోడెమ్ ఆన్ చేయగానే దీపాలు మిణుకు మిణుకుమంటూ కాసేపు ఆగేది చూడండి, ఆ కాసేపూ అది చేసేది ఈ పరీక్షే.

సాకెట్‌కూ ఫోన్‌కూ మధ్య అగ్గిపెట్టంత తెల్ల డబ్బా ఒకటి ఉండేది. దాన్ని ఫిల్టర్ అనేవారు. అడుగు శ్రుతిని ఫోన్ వైపు పోనిచ్చి, పై శ్రుతిని అటు పోకుండా ఆపడం దాని పని. అది లేకపోతే ఫోన్ ఎత్తగానే చెవిలో బుసబుస వినబడేది. డోలునూ సన్నాయినీ మన చెవి విడదీసినట్టు, ఇక్కడ ఆ డబ్బా విడదీసేది.

దూరం సంగతి కూడా చెప్పాలి. ఊళ్లో పెళ్లి జరుగుతుంటే మేం పొలిమేర అవతల చేలో ఉండి వినేవాళ్లం. డోలు దెబ్బ అక్కడికి బాగానే వచ్చేది. సన్నాయి మాత్రం పలచబడిపోయేది, గమకాలు అందేవి కావు. పై శ్రుతులు దూరం పోయేకొద్దీ ముందుగా అరిగిపోతాయి. తీగలోనూ ఇదే న్యాయం. ఏడీఎస్ఎల్ 2 ప్లస్ వేగం సెకనుకు 24 మెగాబిట్లని చెప్పేవారు. అది ఎక్స్‌ఛేంజి పక్కనే ఉన్న ఇంటికి. తీగ పొడవు నాలుగు కిలోమీటర్లు దాటితే ఐదారు మెగాబిట్లు దక్కడమే గగనం. ఫోన్ మాట మాత్రం అక్కడా స్పష్టంగా వినబడేది, ఎందుకంటే అది అడుగు శ్రుతి. ఒకే వీధిలో ఒకే డబ్బు కట్టే రెండిళ్లకు వేరే వేరే వేగం రావడం వెనక ఉన్న గుట్టు ఇదే.

సరే, తీగ అర్థమైంది కదా, ఇక పేచీలోకి వెళ్దాం.

2010 సెప్టెంబరులో టీపీజీ అనే కంపెనీ పెద్దయెత్తున ప్రకటనలు మొదలుపెట్టింది. టీవీలో, రేడియోలో, పేపర్లలో, ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే మాట: ఎంతైనా వాడుకోగల ఏడీఎస్ఎల్ 2 ప్లస్, నెలకు 29 డాలర్ల 99 సెంట్లు. ఆ రోజుల్లో అది నిజంగా చవక ధరే. అక్షరాలు కూడా కళ్లు చెదిరేంత పెద్దవి. వాటి పక్కనే చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంది. ఈ ఇంటర్నెట్ కావాలంటే ఇదే కంపెనీ దగ్గర ఇంటి ఫోన్ లైను కూడా తీసుకోవాలి, దానికి నెలకు ఇంకో 30 డాలర్లు. పైగా మొదట కట్టాల్సిన ఖర్చు 129 డాలర్ల 95 సెంట్లు, ఫోన్ కాల్స్ కోసం ముందస్తుగా 20 డాలర్లు, కనీసం ఆరు నెలల ఒప్పందం.

పెద్దాడా, పలకా బలపం అక్కర్లేదు, నోటితోనే లెక్క చెప్పు. 29.99కి 30 కలిపితే? 59.99. ఆరు నెలలకు? 359.94. దానికి 129.95 కలుపు, 20 కలుపు. 509 డాలర్ల 89 సెంట్లు! శభాష్. పెద్ద అక్షరాల్ని నమ్మి ఆరు నెలలకు లెక్కేసుకున్నవాడికి తేలేది 179.94. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే ఈ కేసు.

ఇక్కడ మన మేళం దగ్గరికి మళ్లీ రావాలి. ఊళ్లో పెళ్లికి సన్నాయి ఇంత అని చెప్పి బయానా పుచ్చుకుని, తీరా పెళ్లిరోజున "డోలు కూడా మాదే పెట్టుకోవాలి, దానికి ఇంకో అంత" అంటే పెళ్లివారు ఏమంటారు? "ఆ మాట బయానా ముందు చెప్పాలిగా" అంటారు. మేళగాడు మాత్రం "సన్నాయి, డోలు కలిసే వస్తాయని లోకానికంతా తెలుసు కదండీ" అంటాడు. టీపీజీ కోర్టులో చేసిన వాదన సరిగ్గా ఇలాంటిదే. ఇంటర్నెట్టూ ఫోనూ జంటగా అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే, కొనేవాడికి ఆ సంగతి తెలుసు, వివరాలు ప్రకటనలోనే ఉన్నాయి, ఇక మోసమెక్కడ అని.

ఇక్కడే మన సైన్సు అక్కరకొస్తుంది. సన్నాయికి డోలు లేకపోతే ఊపిరాడదా? ఆడుతుంది. పై శ్రుతికి కింది శ్రుతి తోడు ఉండాలన్న నియమం ప్రకృతిలో లేదు. తీగ మీద ఫోన్ మాట అసలు లేకుండా ఇంటర్నెట్ ఒక్కటే పంపవచ్చు. ఆస్ట్రేలియాలోనే ఐఐనెట్ అనే కంపెనీ 2007లోనే ఫోన్ అద్దె లేకుండా ఒట్టి ఇంటర్నెట్ అమ్మింది. అంటే ఆ ముడి రాగి తీగ వేసింది కాదు, కంపెనీ చిట్టాపద్దు వేసింది. వ్యాపారి అలా ముడి వేయడం నేరం కాదు, జంటగా అమ్ముకోవచ్చు. కానీ ఆ ముడి ఉందని పెద్ద అక్షరాల్లోనే చెప్పాలి. ప్రకృతి వేసిన ముడి ఏదో, మనిషి వేసిన ముడి ఏదో విడదీసి చూడగలగడమే పిల్లలూ, సైన్సు చదివినందుకు దక్కే పెద్ద లాభం. ఎవరైనా "అది అంతే, అలాగే ఉంటుంది" అంటే, "తీగ అలా అందా, మీరు అంటున్నారా?" అని అడగడం రావాలి.

ఈ పేచీలో రెండో పక్షం ఎవరంటే ఆస్ట్రేలియన్ కాంపిటీషన్ అండ్ కన్స్యూమర్ కమిషన్. నాలుగక్షరాల్లో ఏసీసీసీ. కంపెనీల మధ్య పోటీ సవ్యంగా ఉందా, కొనేవాళ్లకు నిజం చెబుతున్నారా అని చూసే ప్రభుత్వ సంస్థ. దీని గురించి ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఇంత పెద్ద జరిమానాలు అది సొంతంగా వేయలేదు. ఫలానా తప్పు జరిగిందని కోర్టుకు వెళ్లి రుజువు చేయాలి, ఎంత వేయాలో న్యాయమూర్తి చెప్పాలి. ఆరోపణ చేసేవాడే తీర్పు చెప్పకూడదన్నది ఎంత మంచి ఏర్పాటో!

ఫెడరల్ కోర్టులో జస్టిస్ మర్ఫీ ప్రకటనలు తప్పుదారి పట్టించేవేనని తేల్చి, 2012లో ఇరవై లక్షల డాలర్ల జరిమానా వేశారు. టీపీజీ అప్పీలుకు వెళ్లింది. అదే కోర్టులోని ఫుల్ బెంచ్ కంపెనీ వాదనను చాలావరకు ఒప్పుకుంది. చదివేవాడు మరీ అమాయకుడు కాదు, జంటగా అమ్ముతారని తెలిసినవాడే, చిన్న అక్షరాలు చూస్తాడు అంది. జరిమానాను యాభై వేలకు దించింది. ఈసారి ఏసీసీసీ హైకోర్టుకు వెళ్లింది. మన భారతదేశంలో సుప్రీంకోర్టు ఎలాగో ఇక్కడ హైకోర్టు అలా, దానిపైన ఇంకేమీ లేదు. 2013 డిసెంబరు 12న ఆ కోర్టు తీర్పు చెప్పింది. ఇరవై లక్షల జరిమానాను తిరిగి నిలబెట్టింది.

ఎందుకు నిలబెట్టిందో చెప్పే ముందు మీకో చిన్న పరీక్ష. అందరూ చెయ్యి ముందుకు చాపండి. బొటనవేలు పైకెత్తండి. ఇప్పుడు గోరు వైపే చూడండి, కళ్లు కదపకూడదు. గోరు స్పష్టంగా కనబడుతోందా? దాని పక్కనున్న గేటు? దాని అవతల పచ్చగడ్డి? కనబడుతున్నాయి గానీ అలుక్కుపోయినట్టున్నాయి కదూ! గేటు మీదున్న ఇంటి నంబరు చదవండి చూద్దాం. చదవలేరు. మన కంటిపొర మధ్యలో ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది. సూక్ష్మంగా చూసే కణాలన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. అది చూపించగలిగేది మొత్తం దృశ్యంలో ఒకటి రెండు డిగ్రీల మేర, అంటే సుమారుగా చాచిన చేతి బొటనగోరంత. మిగతాదంతా మసక. మరి లోకమంతా స్పష్టంగా ఉన్నట్టు ఎందుకనిపిస్తుంది? కన్ను సెకనుకు మూడు నాలుగు గెంతులు వేస్తూ తిరుగుతుంది, మెదడు ఆ ముక్కలన్నీ కలిపి కుడుతుంది. ఎక్కడికి గెంతాలో నిర్ణయించేది ఎక్కువగా పెద్దవీ, మెరిసేవీ, కదిలేవీ. టీవీలో కొద్ది సెకన్ల ప్రకటన నడుస్తుంటే, "29.99" అని తెరనిండా ఉంటే, కన్ను గెంతేది దాని మీదికే. అడుగున పాకుతున్న చిన్న అక్షరాల దగ్గరికి చేరేలోపు ప్రకటన అయిపోతుంది. ఆ అక్షరాలు తెర మీద ఉండొచ్చు, కానీ కంట్లో పడలేదు. తెర మీద ఉండడం వేరు, కంట్లో పడడం వేరు.

హైకోర్టు ఫోవియా గురించి మాట్లాడలేదు గానీ, చెప్పిన సారాంశం దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. ప్రకటన మొత్తం మీద మనసులో ఏ మాటను ముద్ర వేస్తుందో అదే చూడాలంది. ప్రకటన పిలవకుండా ఇంట్లోకి వచ్చేది, దాన్ని ఎవరూ ఒళ్లో పెట్టుకుని పత్రం చదివినట్టు చదవరు అంది. 1982లో ఇదే కోర్టు కుర్చీల కేసొకటి విన్నది. ఖరీదైన కుర్చీ కొనేవాడు దుకాణంలో నిలబడి, తిప్పి చూసి, లేబుల్ చదివి కొంటాడని అప్పుడు చెప్పింది. ఈ ప్రకటన చూసేవాడు దుకాణంలో నిలబడ్డవాడు కాడు, సోఫాలో కూర్చున్నవాడు, అందుకని ఆ లెక్క ఇక్కడ పనికిరాదంది. సంతకం పెట్టే ముందు అసలు ధర తెలిసిపోతుంది కదా అన్న మాటనూ ఒప్పుకోలేదు. తప్పు మాటతో మనిషిని గడప దాకా రప్పించడమే తప్పు, గడప దాటాక నిజం చెబితే అది మాసిపోదు. ఐదుగురు న్యాయమూర్తుల్లో ఒకరు మాత్రం ఒప్పుకోలేదు. ఆయన భిన్నాభిప్రాయాన్ని తీర్పులోనే అచ్చు వేశారు. ఓడిన మాటను కూడా భద్రంగా దాచిపెట్టడం కోర్టులకున్న గొప్ప అలవాటు, రేపు ఇంకెవరికైనా అందులో నిజం కనబడొచ్చు.

"అయితే తాతయ్యా, యాభై వేలు మాత్రం తక్కువా?" అంటోంది చిట్టితల్లి. మంచి ప్రశ్న. జరిమానా తక్కువో ఎక్కువో తేల్చడానికి ఒక లెక్క ఉంది. గ్యారీ బెకర్ అనే అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త 1968లో దీన్ని రాశాడు, తర్వాత నోబెల్ బహుమతి కూడా అందుకున్నాడు. ఒక తప్పు చేస్తే వంద డాలర్లు మిగులుతాయనుకో. నాలుగుసార్లు చేస్తే ఒక్కసారే దొరుకుతాడనుకో. జరిమానా రెండొందలైతే? నాలుగుసార్లకు నాలుగొందలు మిగిలె, ఒకసారి రెండొందలు పోయె, ఇంకా రెండొందలు లాభమే! నాలుగొందలు దాటితేనే వాడు ఆగి ఆలోచిస్తాడు. అంటే జరిమానా లాభాన్ని మించితే చాలదు, దొరికే అవకాశం ఎంత తక్కువో అంతగా పెరగాలి. లేకపోతే కంపెనీ దాన్ని అద్దె, కరెంటు బిల్లు రాసిన పుస్తకంలోనే ఖర్చు కింద రాసేసుకుంటుంది. వ్యాపారంలో భరించదగిన ఖర్చులా అనిపించేంత చిన్నదిగా జరిమానా ఉండకూడదని 2012లో ఆప్టస్ అనే టెలికాం కంపెనీ కేసులో ఫెడరల్ కోర్టు అన్నది. టీపీజీ తీర్పులో హైకోర్టు ఆ సూత్రాన్నే పట్టుకుంది.

ఆప్టస్ అన్నాను కాబట్టి ఆ కథా చెప్పేస్తాను, అందులోనూ మంచి సైన్సుంది. ఆప్టస్ 2010లో ఇన్ని గిగాబైట్లని పెద్ద అంకె వేసి ప్లాన్లు అమ్మింది. ఆ అంకె రెండు ముక్కలు. ఒకటి రద్దీ వేళకు, ఒకటి రద్దీ లేని వేళకు. రద్దీ వేళ వాటా అయిపోతే, రెండో వాటా అలాగే మిగిలి ఉన్నా సరే, వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోయేది. ఎందుకు సరిగ్గా 64? ఇది ఫోన్ మాట వదిలివెళ్లిన అంకె. మన గొంతును అంకెల్లోకి మార్చేటప్పుడు సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు, ఒక్కో కొలతకూ 8 బిట్లు. ఎనిమిది వేలను ఎనిమిదితో గుణిస్తే 64 వేలు. అంటే ఒక ఫోన్ గొంతు పట్టేంత దారి. ఐదు మెగాబైట్ల ఫొటో ఒకటి ఆ దారిలో రావాలంటే పది నిమిషాల పైనే పడుతుంది. అదే 24 మెగాబిట్ల దారిలో రెండు సెకన్లు చాలు. ఈ కేసులో జస్టిస్ పెరమ్ 52 లక్షల 60 వేల డాలర్ల జరిమానా వేస్తే, ఆప్టస్ అప్పీలు చేసి 36 లక్షల 10 వేలకు దించుకుంది. సూత్రం గట్టిగా చెప్పిన ఆ తీర్పే జరిమానాను తగ్గించింది కూడా. అప్పీలు అనేది ఒట్టి కాలయాపన కాదు, నిజంగా తూచే త్రాసే అని దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రభుత్వ సంస్థే ప్రతిసారీ గెలుస్తుందనీ అనుకోకండి. టీపీజీ, వొడాఫోన్ కంపెనీలు ఒకటవుదామంటే 2019లో ఏసీసీసీ కూడదంది. కంపెనీలు కోర్టుకు వెళ్లి 2020 ఫిబ్రవరిలో గెలిచాయి, ఆ ఏడాదే కలిసిపోయాయి. ఇరుపక్షాలకూ ఓడిపోయే వీలుంటేనే అది న్యాయస్థానం.

మన భారతదేశం సంగతీ చెప్పకపోతే అమ్మమ్మ ఊరుకోదు. 2016 సెప్టెంబరులో జియో అనే కొత్త ఫోన్ కంపెనీ వచ్చింది. జియో ఫోన్ నుంచి ఎయిర్‌టెల్ ఫోన్‌కు మాట వెళ్లాలంటే రెండు నెట్‌వర్కులూ కలిసే ముఖద్వారాలుండాలి. వాటిని పాయింట్స్ ఆఫ్ ఇంటర్‌కనెక్షన్ అంటారు. అవి చాలకపోతే కాల్ మధ్యలోనే చచ్చిపోతుంది. వెయ్యి కాల్స్‌లో ఐదుకు మించి అక్కడ ఆగిపోకూడదని నియమం. ఇన్ని కాల్స్ వస్తే ఎన్ని దారులుండాలో లెక్కగట్టే విద్యను డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితవేత్త నూరేళ్ల కిందటే కనిపెట్టాడు. ఫోన్ రద్దీని కొలిచే ప్రమాణానికి ఇప్పటికీ ఆయన పేరే. పాత కంపెనీలు చాలినన్ని ద్వారాలు ఇవ్వలేదని తేల్చిన అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, అదే ఏడాది అక్టోబరులో ఎయిర్‌టెల్‌కూ వొడాఫోన్‌కూ 1,050 కోట్ల రూపాయల చొప్పున, ఐడియాకు 950 కోట్లు, వెరసి 3,050 కోట్ల జరిమానా సిఫారసు చేసింది. టెలికాం శాఖ 2021లో కట్టమని నోటీసులిస్తే, కంపెనీలు టెలికాం వివాదాల ట్రిబ్యునల్ తలుపు తట్టాయి. ఊరు ఏదైనా పేచీ స్వరూపం ఒకటే. ఎక్కడో ఒక తీగ ఉంటుంది, ఆ తీగకు ఒక కొలత ఉంటుంది, ఆ కొలతను కొనేవాడికి అందించారా లేదా అన్నదే తగవు.

డబ్బు తగవుల కంటే పెద్దది ఇంకొకటుంది. 2023 నవంబరు 8న ఇక్కడ ఆప్టస్ నెట్‌వర్క్ ఆస్ట్రేలియా అంతటా కుప్పకూలింది. మామూలుగా మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా, అత్యవసర నంబరు ట్రిపుల్ జీరోకి చేస్తే ఫోన్ పక్క కంపెనీ టవర్‌ను పట్టుకుంటుంది. అది ఎప్పుడు జరుగుతుందంటే, మన టవర్ మూగబోయినప్పుడే. ఆ రోజు వెనకనున్న నెట్‌వర్క్ పోయింది గానీ, కొన్ని టవర్లు మాత్రం "నేనున్నాను" అని సిగ్నల్ వదులుతూనే ఉన్నాయి. పాపం ఫోన్లు వాటినే పట్టుకు వేలాడాయి, పక్కకు పోలేదు. 2,145 మందికి అత్యవసర కాల్ అందలేదు. కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఏసీఎంఏ విచారించి తప్పులు తేల్చాక, ఆప్టస్ 2024లో కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా జరిమానా కట్టింది. పని చేయలేని యంత్రం పని చేస్తున్నట్టు కనబడడం ఎంత ప్రమాదమో ఇది చెబుతుంది. బతికి ఉన్నట్టు నటించే టవర్ కంటే నిజాయితీగా ఆరిపోయిన టవరే మేలు.

ఇప్పుడు ఆస్ట్రేలియాలో చట్టం బాగా బిగిసింది. 2022 నవంబరు నుంచి ఇలాంటి తప్పుకు ఒక కంపెనీ మీద గరిష్ఠంగా ఐదు కోట్ల డాలర్లు, లేదా వచ్చిన లాభానికి మూడింతలు, ఆ లాభం తేల్చలేకపోతే తప్పు జరిగినన్నాళ్ల టర్నోవర్‌లో 30 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అది వేయొచ్చు. మూడింతలు ఎందుకో ఇందాక చేసిన బెకర్ లెక్కతో మీరే చెప్పగలరు. 2021లో టెల్‌స్ట్రా అనే ఫోన్ కంపెనీ ఆదివాసీ కుటుంబాలకు వాళ్లు మోయలేని ఫోన్ ఒప్పందాలు అంటగట్టినందుకు ఐదు కోట్లు, 2025లో ఆప్టస్ బలహీనులైన ఖాతాదారులకు అక్కర్లేనివి అమ్మినందుకు పది కోట్లు కట్టాల్సి వచ్చింది. 2013 నాటి ఇరవై లక్షలు ఎక్కడ, పది కోట్లు ఎక్కడ!

ఈ కథలో నాకు బాగా ఇష్టమైన సంగతి, జరిమానా అంకె కాదు. రాగి తీగ శ్రుతులు తెలిసిన పిల్లవాడికీ, కంటి గుంట సంగతి తెలిసిన పిల్లకూ ఆ తీర్పు లాయరు సాయం లేకుండానే అర్థమవుతుంది. తీగ ఏం మోయగలదో తెలిస్తే ఏ ముడి అవసరమో, ఏ ముడి వ్యాపారమో తెలుస్తుంది. కన్ను ఏం చూడగలదో తెలిస్తే ఏది చెప్పినట్టో, ఏది చెప్పనట్టో తెలుస్తుంది. ఈ రెండూ తెలిసినవాణ్ణి మోసగించడం కష్టం. అంతకంటే ముఖ్యంగా, అవి తెలిసినవాడు రేపు పెద్దై తానే కంపెనీ పెట్టినప్పుడు, చెప్పాల్సిన మాట పెద్ద అక్షరాల్లో చెబుతాడు.

అందుకని ఈ వారం మీకు పని ఒకటి. మన లెటర్ బాక్సులో ఇంటర్నెట్ ప్లాన్ల కాగితాలు పడుతూనే ఉంటాయి కదా. ఒకటి తీసుకోండి. పెద్ద అంకెను చేత్తో మూసేసి, మిగతాదంతా చదవండి. మొదటి ఆరు నెలలు అయ్యాక ధర ఎంతకు పెరుగుతుంది, మోడెమ్‌కు ఎంత, సాయంత్రం రద్దీ వేళ వేగం ఎంత అని రాశారో చూడండి. ఏడాదికి మొత్తం ఎంతవుతుందో కూడి, చెయ్యి తీసి, పెద్ద అంకెను పన్నెండుతో గుణించి పోల్చండి. రెండూ ఒకటే అయితే ఆ కంపెనీ పేరు నాకు చెప్పండి, మీ నాన్నతో మాట్లాడి దాన్నే తీసుకుందాం.